జేబు ఎలక్ట్రానిక్ జ్ఞాపకశక్తి ఆటలు

జేబు ఎలక్ట్రానిక్ జ్ఞాపకశక్తి ఆట అనగా దీపాల వెలుగుల ద్వారా, ధ్వనుల ద్వారా ఒక వరుసను చూపించి, ఆటగాడు ఆ వరుసను మరచిపోకుండా తిరిగి ఒత్తవలసిన చిన్న విద్యుత్ పరికరం. ఇది అరచేతిలో లేదా చొక్కా జేబులో ఇమిడిపోతుంది. ఈ తరగతికి చెందిన ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1978లో అమెరికాలో విడుదలైన సైమన్. దాని చిన్న రూపమైన పాకెట్ సైమన్ 1980లో వచ్చినది. బరువు తక్కువ కావడం, విడిభాగాలు లేకపోవడం, నియమాలు ఒక్క నిమిషంలో బోధపడడం అను మూడు కారణాల వలన ఇవి కుటుంబ ప్రయాణాలకు అనువైన ఆటలుగా పేరు పొందినవి.

అయితే జేబులో పట్టే ప్రతి ఆటా ప్రయాణానికి తగినది కాదు. పరికరం చిన్నదైన కొలదీ దానిలోని బ్యాటరీ కూడా చిన్నదగును. చిన్న బ్యాటరీ పసిపిల్లలకు ప్రాణాపాయం కలిగించగలదు. కావున ఎంపికలో మొదట చూడవలసినది రంగులు, ధర కావు. బ్యాటరీ అర మూత. ఈ వ్యాసంలో ఈ ఆటల చరిత్ర, పని చేయు విధానం, జ్ఞాపకశక్తితో వాటికి గల సంబంధం, కుటుంబ ప్రయాణానికి ఎన్నుకొనే పద్ధతి వివరించబడినవి.

చరిత్ర

టచ్ మి

ఈ ఆటలకు మూలరూపం అటారి సంస్థ 1974లో విడుదల చేసిన టచ్ మి. ఇది జేబు ఆట కాదు. నాణెం వేసి ఆడే పెట్టె. దానిపై నాలుగు పెద్ద మీటలు ఉండేవి. పెట్టె చూపిన వరుసను ఆటగాడు తిరిగి ఒత్తవలెను. ఆట ఆలోచన మంచిదే అయినా ధ్వనులు కర్ణకఠోరంగా ఉండడం వలన అది అంతగా ఆదరణ పొందలేదు.

1976లో షికాగో నగరంలో జరిగిన ఒక వాణిజ్య ప్రదర్శనలో ఈ పెట్టెను రాల్ఫ్ బేర్, హోవార్డ్ మారిసన్ అను ఇద్దరు చూశారు. రాల్ఫ్ బేర్ (1922 - 2014) జర్మనీలో జన్మించి, బాల్యంలోనే నాజీల పాలన నుండి తప్పించుకొని కుటుంబంతో అమెరికా చేరిన ఇంజనీరు. ఇంటి టెలివిజన్‌పై ఆడే మొట్టమొదటి వీడియో ఆట యంత్రమైన మాగ్నవాక్స్ ఒడిస్సీ (1972) ఆయన పరిశోధన ఫలితమే. హోవార్డ్ మారిసన్ షికాగోలోని మార్విన్ గ్లాస్ అను ఆటబొమ్మల రూపకల్పన సంస్థకు చెందినవారు. ఆట మంచిదనీ, దానిని మలచిన తీరు మాత్రం బాగుండలేదనీ వారిద్దరూ అభిప్రాయపడ్డారు.

సైమన్

టచ్ మి లోని ప్రధాన లోపం ధ్వని అని గుర్తించిన బేర్, ఏ వరుసలో మోగినా చెవికి ఇంపుగా ఉండే నాలుగు స్వరాల కోసం వెదికారు. సైనికులు ఊదే బ్యూగిల్ వాద్యం కొన్ని స్వరాలనే పలుకుతుంది. ఆ స్వరాలు ఏ క్రమంలో వచ్చినా అపశ్రుతి అనిపించదు. ఈ గమనింపు నుండి సైమన్ నాలుగు స్వరాలు పుట్టినవి. ఆటను నడిపే ప్రోగ్రామును లెనీ కోప్ వ్రాశారు. దీనిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 1000 అను చిప్పును వాడారు.

మిల్టన్ బ్రాడ్లీ సంస్థ ఈ ఆటను 1978లో విడుదల చేసినది. న్యూయార్క్ నగరంలోని స్టూడియో 54 అను నృత్యశాలలో దీని ఆవిష్కరణ జరిగినది. మొదటి ధర 24.95 డాలర్లు. ఆనాటికి ఇది తక్కువ ధర కాకపోయినా ఆ సంవత్సరపు క్రిస్మస్ అమ్మకాలలో సైమన్ ముందు వరుసలో నిలిచినది. దీనికి 1980లో పేటెంట్ లభించినది. "సైమన్ చెప్పాడు" అను అర్థం గల ఆంగ్ల పిల్లల ఆట నుండి ఈ పేరు వచ్చినది. ఆ ఆటలో నాయకుడు చెప్పినట్లు మిగిలినవారు చేయవలెను.

మొదటి సైమన్ జేబులో పట్టేది కాదు. అది భోజనపు పళ్ళెం వంటి గుండ్రని పరికరం. అందులో రెండు పెద్ద టార్చిలైటు సెల్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ వేయవలసి వచ్చేది.

చిన్న రూపాలు, ఇతర ఆటలు

* టచ్ మి చేతి రూపం (1978): అటారి సంస్థ తన పాత ఆటను కాలిక్యులేటరు పరిమాణానికి కుదించి విడుదల చేసినది.
* మెర్లిన్ (1978): పార్కర్ బ్రదర్స్ సంస్థ ఉత్పత్తి. రూపకర్త బాబ్ డోయల్. టెలిఫోను రిసీవరు ఆకారంలో 11 మీటలతో, ఆరు ఆటలతో ఉండేది. అందులో ఎకో అనునది స్వరాలను గుర్తుంచుకొని తిరిగి పలికించే ఆట.
* పాకెట్ సైమన్ (1980): సైమన్ ఆటను చిన్న పరికరంలో అమర్చిన రూపం.
* సైమన్ ట్రిక్‌స్టర్ (2005): వరుసను వెనుక నుండి ముందుకు చెప్పవలసిన ఆట కూడా ఇందులో కలదు.
* సైమన్ స్వైప్ (2014), సైమన్ ఎయిర్ (2016), సైమన్ ఆప్టిక్స్ (2017): మీటను ఒత్తడానికి బదులు వేలితో రాయడం, చేతిని గాలిలో కదిలించడం మొదలైన పద్ధతులను ప్రవేశపెట్టినవి. ఇవి జేబు ఆటలు కావు.

మిల్టన్ బ్రాడ్లీ సంస్థ 1984లో హాస్‌బ్రో సంస్థలో విలీనమైనది. అప్పటి నుండి సైమన్ హాస్‌బ్రో వారిది. పేరులేని సంస్థలు తయారుచేసే అనుకరణలు, తాళంచెవుల గుత్తికి తగిలించుకొనే అతి చిన్న రూపాలు కూడా దుకాణాలలో కనిపిస్తాయి.

ఆట విధానం

పరికరంపై సాధారణంగా నాలుగు రంగుల మీటలు ఉంటాయి. సైమన్‌లో అవి ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం. ఆట మొదలు కాగానే ఒక మీట వెలిగి, దాని స్వరం మోగుతుంది. ఆటగాడు ఆ మీటను ఒత్తవలెను. తరువాత పరికరం మొదటి మీటను మళ్ళీ చూపి, దానికి మరొకటి చేరుస్తుంది. ఆటగాడు రెండింటినీ ఒత్తవలెను. ఈ విధంగా వరుస ఒక్కొక్కటిగా పెరుగుతూ పోవును. తప్పు మీట ఒత్తినా, ఒత్తడానికి ఆలస్యం చేసినా ఆట ముగిసినట్లు కర్కశమైన శబ్దం వచ్చును. వరుస పెరిగిన కొలదీ వేగం కూడా పెరుగుతుంది.

1978 నాటి సైమన్‌లో నాలుగు స్థాయిలు కలవు. వాటిలో గెలుపుకు కావలసిన వరుస పొడవు 8, 14, 20, 31. ప్రతి విడతలోనూ మొదటి నుండి ఒత్తవలసి ఉండడం వలన మొత్తం ఒత్తవలసిన మీటల సంఖ్య ఇంకా ఎక్కువ. 1 నుండి 8 వరకు కూడగా 36, 14 వరకు 105, 20 వరకు 210, 31 వరకు 496. చివరి స్థాయిని గెలవాలంటే 496 సార్లు ఒక్క తప్పూ లేకుండా మీటలు ఒత్తవలెను.

సైమన్‌లో మూడు విధాల ఆటలు ఉండేవి.

* మొదటి ఆట: పైన చెప్పినట్లు పరికరమే వరుసను పెంచుతుంది.
* రెండవ ఆట: పరికరం మొదటి మీటను మాత్రమే చూపుతుంది. ఆటగాడు దానిని ఒత్తి, తనకు నచ్చిన మరొక మీటను చేర్చును. తరువాతివారు ఆ రెండూ ఒత్తి మూడవది చేర్చవలెను. ఈ విధంగా పరికరం చేతులు మారును.
* మూడవ ఆట: ఒక్కొక్కరు ఒక్కొక్క రంగును ఎన్నుకొందురు. వరుసలో తమ రంగు వచ్చినప్పుడు మాత్రమే ఒత్తవలెను. తప్పిన వారు ఆట నుండి తొలగుదురు.

కుటుంబ ప్రయాణాలలో రెండవ ఆట మిక్కిలి ఉపయోగపడేది. ఇందులో వరుసను యంత్రం గాక మనుషులే నిర్మిస్తారు. మనవడు చేర్చిన మీటను నాయనమ్మ, నాయనమ్మ చేర్చిన మీటను తండ్రి గుర్తుంచుకోవలెను.

పని చేయు విధానం

పరికరంలో ఒక చిన్న చిప్పు, దానికి కలిపిన మీటలు, దీపాలు, ధ్వనిని పుట్టించే చిన్న బిళ్ళ ఉంటాయి. తొలి పరికరాలలో చిన్న బల్బులు ఉండేవి. తరువాతి వాటిలో ఎల్.ఈ.డి. దీపాలు వచ్చినవి. ఇవి తక్కువ విద్యుత్తుతో వెలుగుతాయి కనుకనే పరికరాన్ని చిన్న బ్యాటరీతో నడపడం సాధ్యమైనది.

తరువాత ఏ మీట వెలగవలెనో చిప్పులోని ప్రోగ్రాము యాదృచ్ఛికంగా నిర్ణయిస్తుంది. నాలుగు మీటలతో 4 పొడవు గల వరుసలు 256 రకాలు, 7 పొడవు గలవి 16,384 రకాలు, 10 పొడవు గలవి 10,48,576 రకాలు సాధ్యమగును. కావున నిన్నటి వరుసను కంఠస్థం చేసి నేడు గెలవడం కుదరదు. అయితే యాదృచ్ఛిక ఎంపిక సరిగా లేని చౌక అనుకరణలలో, ఆపి మళ్ళీ ప్రారంభించిన ప్రతిసారీ అవే వరుసలు రావచ్చును. అటువంటి ఆటను పిల్లలు రెండు రోజులలో పసిగట్టి పక్కన పెట్టుదురు.

జ్ఞాపకశక్తితో సంబంధం

ఎన్ని గుర్తుంచుకోగలము

ఒకసారి విన్న అంకెలను వెంటనే తిరిగి ఎన్ని చెప్పగలము అను విషయంపై 1887లో జోసెఫ్ జేకబ్స్ లండన్‌లో పరిశోధన చేశారు. 1956లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జి మిల్లర్, ఈ పరిమితి సుమారు ఏడు అనీ, కొందరికి రెండు ఎక్కువగా, కొందరికి రెండు తక్కువగా ఉండుననీ సూచించారు. ఇక్కడ ఏడు అనగా ఏడు అంకెలు మాత్రమే కాదు, ఏడు గుంపులు. పది అంకెల ఫోను నంబరును మూడు నాలుగు గుంపులుగా విడదీసి చదివితే సులభంగా గుర్తుండడానికి కారణం ఇదే. తరువాతి పరిశోధకులు గుంపుల సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉండునని అభిప్రాయపడ్డారు.

1972లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కోర్సీ రూపొందించిన పరీక్ష ఈ ఆటలకు మరింత దగ్గరగా ఉన్నది. బల్లపై అమర్చిన తొమ్మిది చెక్క దిమ్మెలను పరీక్షకుడు ఒక వరుసలో తాకును. ఎదుట కూర్చున్నవారు అదే వరుసలో తాకవలెను. ఇది స్థానాన్ని గుర్తుంచుకొనే శక్తికి పరీక్ష.

మరి సైమన్‌లో 14, 20 మీటల వరుసను కొందరు ఎలా చెప్పగలుగుతున్నారు? దీనికి రెండు కారణాలు కలవు. ఒకటి, వరుస ప్రతిసారీ మొదటి నుండి వినిపించడం వలన పాత భాగం పదే పదే వల్లె వేసినట్లగును. రెండు, ప్రతి మీటకూ రంగు, స్థానం, స్వరం అను మూడు గుర్తులు ఉండడం వలన ఒకటి జారినా మరొకటి ఆదుకొనును. ఆటగాడు మూడు నాలుగు మీటలను కలిపి ఒక చిన్న పాటగా వినడం నేర్చుకొన్నప్పుడు వరుస పొడవు హఠాత్తుగా పెరుగుతుంది.

తెలుగునాట ధారణ సంప్రదాయం

వల్లె వేయడం, గుంపులుగా విడదీయడం అను ఈ రెండు మెళకువలు తెలుగువారికి కొత్తవి కావు. వేదపాఠశాలలలో క్రమపాఠం చెప్పునప్పుడు మొదటి రెండు పదాలు, తరువాత రెండవ, మూడవ పదాలు, తరువాత మూడవ, నాల్గవ పదాలు, ఈ విధంగా గొలుసుగా కలుపుతూ చదువుదురు. అష్టావధానంలో అవధాని ఒక్కొక్క ఆవృత్తంలో పద్యానికి ఒక్కొక్క పాదం చెప్పి, చివరకు అన్ని పద్యాలనూ ధారణతో అప్పగించవలెను. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు దృష్టి మరల్చడానికి ప్రయత్నించుదురు. కొన్ని అవధానాలలో మోగించిన గంటల సంఖ్యను లెక్కపెట్టి చెప్పడం కూడా ఒక అంశం. జేబు ఆటకు, అవధానానికి పోలిక ఇంతవరకే. అవధానంలో గుర్తుంచుకోవలసిన పద్యాన్ని అవధానియే సృష్టించును. యంత్రపు వరుసకు అర్థం ఉండదు.

ఆట ఆడిన తెలివి పెరుగునా

ఇటువంటి పరికరాల పెట్టెలపై "మేధస్సును పెంచును", "చదువులో ఏకాగ్రత కలిగించును" అను వ్రాతలు కనబడుట సాధారణం. పదే పదే ఆడినవారు ఆ ఆటలో నిపుణులగుదురనడంలో సందేహం లేదు. కానీ ఆ నైపుణ్యం గణితంలోనో, పాఠం గుర్తుంచుకొనడంలోనో అక్కరకు వచ్చునని చెప్పడానికి బలమైన ఆధారాలు లేవని 2016లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చినది. అదే సంవత్సరం జనవరిలో, మెదడు శిక్షణ ఆటలను అందించే లూమాసిటీ రూపకర్తలు తమ ప్రకటనలపై వచ్చిన ఆరోపణల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకొని 20 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించినది.

కావున తెలివి పెరుగునను ఆశతో ఎక్కువ ధర పెట్టనవసరం లేదు. నలుగురు కలిసి కాలక్షేపం చేయడానికి అను ఉద్దేశం చాలును. అదే సరియైన ఉద్దేశం కూడా.

బటన్ సెల్‌ల ప్రమాదం

అతి చిన్న ఆటలలో వాచీలలో వాడే గుండ్రని బటన్ సెల్‌లు ఉంటాయి. వీటిలో సీఆర్ 2032 వంటి నాణెం ఆకారపు లిథియం సెల్ అత్యంత ప్రమాదకరమైనది. దాని వ్యాసం 20 మిల్లీమీటర్లు, శక్తి 3 వోల్టులు. పసిపిల్లలు దీనిని మింగినప్పుడు అది అన్నవాహికలో ఇరుక్కొనవచ్చును. అక్కడి తడి వలన విద్యుత్తు ప్రవహించి, క్షార పదార్థం ఏర్పడి, కణజాలం కాలిపోవును. రెండు గంటలలోపే తీవ్రమైన గాయం కలుగవచ్చును. వాడి పడవేసిన సెల్‌లో కూడా ఇందుకు తగినంత శక్తి మిగిలి ఉండును.

ప్రమాదం జరిగినట్లు మొదట తెలియకపోవడం దీనిలోని మరొక కష్టం. పిల్లవాడు చొంగ కార్చడం, దగ్గడం, తినడానికి నిరాకరించడం, వాంతి చేసుకొనడం మాత్రమే కనిపించవచ్చును. ఇవి ప్రయాణపు అలసట వలన వచ్చినవని పొరబడే అవకాశం కలదు. ఆటలోని సెల్ కనబడకుండా పోయి, పసిపిల్లవానికి ఇటువంటి లక్షణాలు ఉన్నచో ఈ క్రింది విధంగా చేయవలెను.

* ఆలస్యం చేయక, ఎక్స్-రే సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రైలులో ఉన్నచో వెంటనే 139 నంబరుకు గాని, రైలు సిబ్బందికి గాని తెలుపవలెను. రోడ్డుపై ఉన్నచో 108 లేదా 112కు ఫోను చేయవలెను.
* వాంతి చేయించుటకు ప్రయత్నించరాదు.
* అదే రకమైన సెల్ గాని, దాని అట్ట గాని దొరికినచో వైద్యునికి చూపుటకు వెంట తీసికొనిపోవలెను.
* సెల్‌ను ముక్కులో లేదా చెవిలో పెట్టుకొన్నప్పుడు కూడా ఇది అత్యవసరమే. తెల్లవారే వరకు ఆగరాదు.

కుటుంబ ప్రయాణానికి ఎంపిక

బ్యాటరీ అర

పై ప్రమాదం దృష్ట్యా బ్యాటరీ అర మూత స్క్రూతో బిగించబడి, స్క్రూడ్రైవరు లేనిదే తెరుచుకోని విధంగా ఉండవలెను. గోటితో తెరుచుకొనే మూత గల ఆటను, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు కొనకపోవడమే మేలు. వీలైనంతవరకు రిమోట్ కంట్రోలులలో వాడే సన్న ఏఏఏ సెల్‌లతో నడిచే ఆటను ఎన్నుకోవలెను. పరికరం కొంత లావుగా ఉన్నా ఈ సెల్‌లు ఏ ఊరి కిరాణా దుకాణంలోనైనా దొరుకుతాయి. మారుమూల స్టేషనులో బటన్ సెల్ దొరకడం కష్టం.

ధ్వని నియంత్రణ

ధ్వనిని తగ్గించే మీట, పూర్తిగా ఆపివేసే మీట ఉన్నవా అని చూడవలెను. బస్సులోనూ, రైలులోనూ పదే పదే మోగే స్వరాలు తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలిగించును. అయితే ధ్వనిని పూర్తిగా ఆపినచో ఆటలో మూడు గుర్తులలో ఒకటి పోవును. అప్పుడు ఆట కష్టమగును. కావున ధ్వనిని ఆపివేయడం మాత్రమే గాక తగ్గించే సదుపాయం కూడా ఉన్నది మేలైనది.

వెలుగు, రంగులు

పగటి ప్రయాణంలో కిటికీ నుండి ఎండ పడుతున్నప్పుడు బలహీనమైన దీపాలు కనబడవు. దుకాణంలో వీధి వెలుతురు పడే చోటికి తెచ్చి చూడవలెను. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య భేదం తెలియని వర్ణాంధత పురుషులలో ఎక్కువ. అటువంటి వారు ఇంట్లో ఉన్నచో మీటల స్థానాలు దూరదూరంగా, స్వరాలు స్పష్టంగా భిన్నంగా ఉన్న ఆట అనుకూలం. మీటలన్నీ ఒకే వరుసలో దగ్గరగా ఉన్న ఆట వారికి కష్టం.

మీటల పరిమాణం

తాళంచెవుల గుత్తికి తగిలించే ఆటలలో మీటలు మరీ చిన్నవి. పిల్లల వేళ్ళకు సరిపోయినా పెద్దవారి బొటనవేలు ఒకేసారి రెండు మీటలపై పడును. వరుస గుర్తున్నా వేలు తప్పినందుకు ఓడిపోయిన తాతగారు మరుసటి విడతలో ఆడనందురు. కుటుంబమంతా ఆడవలెనన్నచో ఇంట్లో అందరికన్న పెద్ద వేలు గలవారిచేత మీటలు ఒత్తించి చూచి కొనవలెను.

చేతులు మారే ఆట

ఒక్కరే ఆడే ఆట ఒక్కరినే మౌనంగా కూర్చోబెట్టును. మిగిలిన పిల్లలు తమ వంతు కోసం తగవులాడుదురు. సైమన్ రెండవ ఆట వలె వంతులవారీగా ఆడే సదుపాయం ఉన్నదో లేదో పెట్టెపై చదివి తెలుసుకోవలెను. ఆ సదుపాయం లేని పరికరంతో కూడా ఒక ఉపాయం కలదు. మొదటి మీటను ఒకరు, రెండవ మీటను మరొకరు, ఇట్లు వంతుల చొప్పున ఒకే వరుసను అందరూ కలిసి పూర్తి చేయవచ్చును. అప్పుడు గెలుపు, ఓటమి అందరివీ అగును.

తానుగా ఆగిపోవుట

కొద్దిసేపు ఎవరూ ఒత్తనిచో పరికరం తానుగా ఆగిపోవలెను. ఈ సదుపాయం లేనిచో సంచిలో మీట నొక్కుకొని బ్యాటరీ అయిపోవును. ఆన్, ఆఫ్ చేయడానికి జారుడు మీట ఉన్న ఆట ఈ విషయంలో మంచిది.

భారతదేశంలో ప్రమాణాలు

బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2020లో వెలువడి, 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం 14 సంవత్సరాలలోపు పిల్లలు ఆడుకొనే బొమ్మలపై భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. విద్యుత్తుతో నడిచే బొమ్మలకు ఐ.ఎస్. 15644 అను ప్రమాణం వర్తించును. సంతలలో, ఫుట్‌పాత్‌లపై విడిగా అమ్మే పరికరాలపై ఈ ముద్ర ఉన్నదో లేదో చూచి కొనవలెను. విదేశాల నుండి బంధువులు తెచ్చిన ఆటలపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండకపోవచ్చును. వాటి విషయంలో బ్యాటరీ మూతను స్వయంగా పరీక్షించుకోవలెను.

వయస్సును బట్టి

* 3 సంవత్సరాలలోపు: ఈ ఆటలు తగవు. పరికరాన్ని అందనీయరాదు.
* 4 నుండి 6 సంవత్సరాలు: పెద్దల ఒడిలో కూర్చుండి, నెమ్మదిగా చూపే స్థాయిలో ఆడించవచ్చును. మూడు నాలుగు మీటల వరుస సాధించినా మెచ్చుకోవలెను.
* 7 సంవత్సరాలు, ఆపైన: నియమాలను స్వయంగా గ్రహించి ఆడగలరు. సైమన్ వంటి ఆటలు సాధారణంగా ఈ వయస్సు వారిని ఉద్దేశించినవే.
* వృద్ధులు: వేగం తగ్గించే స్థాయి ఉన్న ఆట అనుకూలం. ఓడిపోవుట మతిమరుపు జబ్బుకు గుర్తు కాదు. ఈ ఆటతో ఎవరి జ్ఞాపకశక్తినీ నిర్ధారించరాదు.

ప్రయాణ సాధనాన్ని బట్టి

రైలు: ఎదురెదురు బెర్తులు ఉండడం వలన చేతులు మారే ఆటకు రైలు మిక్కిలి అనుకూలం. రాత్రి 10 గంటల తరువాత ఇతరుల నిద్రకు భంగం కలిగించరాదు గనుక ధ్వనిని ఆపివేయవలెను.

బస్సు, కారు: కదిలే వాహనంలో చేతిలోని వస్తువునే చూస్తూ ఉన్నచో కొందరికి కడుపులో తిప్పును. అటువంటివారు దీపాలు చూడక, కళ్ళు మూసికొని స్వరాలను విని వరుస చెప్పగా పక్కవారు మీటలు ఒత్తవచ్చును. ఘాట్ రోడ్డులో ఆటను ఆపివేయుట మంచిది. కారు నడిపేవారిని ఆటలోకి లాగరాదు.

విమానం: విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచవలెను. వాటి కొసలు ఇతర లోహ వస్తువులకు తగలకుండా అట్టలోనే ఉంచుట క్షేమం.

దుకాణంలో చేయవలసిన పరీక్ష

* బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నదా? గోటితో లాగిన ఊడుచున్నదా?
* ఐ.ఎస్.ఐ. ముద్ర, ఏ వయస్సువారికి తగునను సూచన ఉన్నవా?
* ఆపి మళ్ళీ ప్రారంభించి చూడవలెను. వరుసగా మూడుసార్లు అదే వరుస వచ్చినచో కొనరాదు.
* నాలుగు స్వరాలు కళ్ళు మూసికొన్నా వేరువేరుగా తెలియుచున్నవా?
* ధ్వనిని తగ్గించవచ్చునా?
* వెలుతురులో దీపాలు కనబడుచున్నవా?
* పెద్దల వేలికి మీటలు అందుచున్నవా?

జాగ్రత్తలు

ప్రయాణం నుండి తిరిగి వచ్చిన తరువాత, చాలాకాలం ఆడనిచో సెల్‌లు తీసి ఉంచవలెను. కారిన సెల్ ద్రవం లోపలి రేకులను తినివేయును. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయరాదు. బటన్ సెల్‌ను పడవేయునప్పుడు రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని చోట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే చోట ఇవ్వవలెను.

పరికరం లేకుండా ఆడుట

బ్యాటరీ అయిపోయినా ఆట ఆగిపోనవసరం లేదు. "సంతకు వెళ్ళి వంకాయలు కొన్నాను" అని ఒకరు మొదలుపెట్టగా, తరువాతివారు "వంకాయలు, బెల్లం కొన్నాను" అని, మూడవవారు మరొకటి చేర్చి, ఇట్లు పెంచుతూ పోవచ్చును. ఇది సైమన్ రెండవ ఆట వంటిదే. నలుగురు నాలుగు విధాల చప్పట్లు ఎన్నుకొని వరుసను నిర్మించుట మరొక పద్ధతి. పరికరం కొనుటకు ముందు ఒక ప్రయాణంలో ఈ ఆటలు ఆడించి చూచినచో, తమ కుటుంబానికి జ్ఞాపకశక్తి ఆటలు నచ్చునో లేదో ఖర్చు లేకుండా తెలియును.

ఇవి కూడా చూడండి

* అష్టావధానం
* అంత్యాక్షరి
* రాల్ఫ్ బేర్
* జ్ఞాపకశక్తి
* బ్యాటరీ
* భారతీయ ప్రమాణాల సంస్థ